ఫిల్‌మాంట్ స్కౌట్ రాంచ్: పాత నేల మీద పిల్లల విడిది

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రానికి ఈశాన్య మూలన, కోల్‌ఫాక్స్ కౌంటీలో, సిమరాన్ అనే చిన్న ఊరి పక్కన ఉన్న యువజన శిబిర కేంద్రం ఫిల్‌మాంట్ స్కౌట్ రాంచ్. దీని విస్తీర్ణం 1,40,177 ఎకరాలు, అంటే దాదాపు 567 చదరపు కిలోమీటర్లు. 2007లో ఏర్పడినప్పుడు గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ పరిధి ఎంతో, ఇది దానికి కాస్త తక్కువ. ఆ నగరంలో కోటికి దగ్గరగా జనం ఉంటే ఇక్కడ శీతకాలంలో పశువులు, జింకలు, ఎలుగుబంట్లు, గుప్పెడుమంది ఉద్యోగులు మాత్రమే ఉంటారు. జూన్ వచ్చిందంటే లెక్క మారిపోతుంది. వేసవి ముగిసేలోపు ఇరవై వేలమందికి పైగా పిల్లలు, వాళ్ల వెంట పెద్దలు వీపున సంచులతో ఈ కొండలెక్కి దిగుతారు. 1938 నుంచి ఇలా వచ్చి వెళ్లినవారి సంఖ్య పది లక్షలు దాటింది.

ఈ నేల యజమాని అమెరికా స్కౌట్ సంస్థ. 1910లో బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికాగా పుట్టిన ఈ సంస్థ 2025 ఫిబ్రవరి నుంచి స్కౌటింగ్ అమెరికా అనే పేరుతో నడుస్తోంది. ఫిల్‌మాంట్ గురించి రాసేవాళ్లు సాధారణంగా దాని వైశాల్యాన్నీ శిఖరాలనూ ముందు చెబుతారు. దీన్ని తక్కిన వేసవి శిబిరాల నుంచి వేరు చేసేది మాత్రం అడుగునున్న చరిత్రే. పిల్లలు డేరా వేసుకునే లోయల్లోనే వెయ్యేళ్ల కిందటి రైతుల ఇళ్ల పునాదులు ఉన్నాయి. వాళ్లు నీళ్లు పట్టుకునే వాగు గట్ల మీద అపాచీలు, యూట్‌లు వేటాడారు. ఆ తర్వాత బొచ్చు వేటగాళ్లు, బండ్ల వర్తకులు, బంగారం తవ్వేవాళ్లు, పశువుల కాపరులు, కలప కోసేవాళ్లు వచ్చారు. చివరికి ఒక చమురు వ్యాపారి వచ్చి, కొన్నదాంట్లో పెద్ద భాగం పిల్లలకు ఇచ్చి వెళ్లాడు.

నేల తీరు

గ్రేట్ ప్లెయిన్స్ మైదానం ముగిసి రాకీ పర్వతాలు మొదలయ్యే అంచున ఫిల్‌మాంట్ ఉంది. పడమటి వైపున్నవి సాంగ్రే డి క్రిస్టో కొండలు. రాంచ్‌లో అన్నిటికన్నా పల్లపు చోటు కూడా సముద్రమట్టానికి సుమారు 6,500 అడుగుల ఎత్తులో ఉంటుంది. శిఖరాల్లో పెద్దదైన బాల్డీ మౌంటెన్ ఎత్తు 12,441 అడుగులు. హైదరాబాద్ నుంచో డాలస్ నుంచో నేరుగా వచ్చిన పిల్లవాడికి మొదటి రెండు రోజులు మెట్టెక్కినా ఆయాసం వస్తుందంటే కారణం ఈ ఎత్తే. కింది వాలుల్లో పిన్యాన్ పైన్, జూనిపర్ పొదలు, మధ్యలో పాండెరోసా పైన్ అడవి, ఆ పైన ఆస్పెన్, స్ప్రూస్ చెట్లు ఉంటాయి. బాల్డీ నెత్తిన మాత్రం పేరుకు తగ్గట్టు చెట్టన్నది లేదు, అంతా రాతి ముక్కలే.

బేస్ క్యాంపు నుంచి తలెత్తితే కనిపించే బోడి రాతికొమ్ము పేరు టూత్ ఆఫ్ టైమ్, ఎత్తు 9,003 అడుగులు. భూగర్భంలో కరిగిన రాయి పైకి చొచ్చుకొచ్చి గట్టిపడితే, చుట్టూ ఉన్న మెత్తని రాయి అరిగిపోగా మిగిలింది ఇది. మిస్సోరీ నుంచి సాంటా ఫే వెళ్లే బండ్ల బిడారులు ఈ కొమ్ము కనిపించగానే ఇంకో ఏడు రోజుల్లో ఊరు చేరతామని లెక్క కట్టుకునేవారట. ఇప్పుడు చాలా జట్లు తమ నడకలో ఆఖరి రోజున దీని మీదుగా బేస్ క్యాంపుకు దిగుతాయి.

మనిషి చరిత్ర కన్నా చాలా ముందటి గుర్తు ఒకటి నార్త్ పోనిల్ లోయలో ఉంది. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్త చార్లెస్ పిల్‌మోర్ 1983లో అక్కడ ఒక ఇసుకరాతి పలక మీద పెద్ద అడుగు ముద్రను గమనించాడు. పొడవు దాదాపు 83 సెంటీమీటర్లు, మూడు ముందు వేళ్లు, వెనకవైపు తిరిగిన ఒక చిన్న వేలి గుర్తు. అంత పెద్ద మాంసాహారి ఆ కాలంలో, ఆ చోట టైరనోసారస్ తప్ప మరొకటి లేదు కాబట్టి దానిదేనని నిర్ణయించారు. 1994లో ఆ ముద్రకు పెట్టిన శాస్త్రీయ నామం టైరనోసారిపస్ పిల్‌మోరీ. ఈ ముద్ర ఉన్న రేటన్ రాతిపొరల్లోనే డైనోసార్ల అంతాన్ని సూచించే ఇరిడియం పొర కూడా ఉంది. ఆ పొరను అంతవరకు సముద్రపు అడుగున ఏర్పడిన రాళ్లలోనే చూశారు. నేల మీద ఏర్పడిన రాళ్లలోనూ ఉందని 1981లో చెప్పిన బృందంలో పిల్‌మోర్ కూడా ఉన్నాడు. మ్యూజియంలో అద్దాల వెనక ఉండాల్సిన వస్తువు, నడిచి వెళ్లే కాలిబాట పక్కన ఆరుబయట ఉండటం ఫిల్‌మాంట్ పద్ధతికి మంచి ఉదాహరణ.

పోనిల్ లోయ రైతులు

రాంచ్ ఉత్తర భాగంలో పోనిల్ వాగు పాయలుగా చీలి పారుతుంది. సుమారు క్రీ.శ. 400 నుంచి 1300 దాకా ఈ పాయల వెంట వ్యవసాయం చేసుకునే చిన్న చిన్న సమూహాలు బతికాయి. మొదట్లో వాళ్లవి నేలలోకి తవ్వి పైన కొమ్మలు, మట్టి కప్పిన గుంత ఇళ్లు. తర్వాత నిలువు రాతి పలకలు పాతి గోడలు కట్టారు. మొక్కజొన్న, చిక్కుళ్లు, గుమ్మడి పండించారు, జింకలను వేటాడారు, పిన్యాన్ గింజలు ఏరుకున్నారు. తవ్వకాల్లో దొరికిన కుండ పెంకులు కొండలకు అవతల ఉన్న టావోస్ ప్రాంతపు పాత్రలను పోలి ఉన్నాయి. అంటే వీళ్లకు ఆ వైపు జనంతో రాకపోకలు ఉండేవి. ప్యూబ్లో సంస్కృతికి ఇది తూర్పు పొలిమేర. ఇక్కడి నుంచి నాలుగు అడుగులు వేస్తే బైసన్ మందల మైదానం.

1300 నాటికి వాళ్లు లోయలు వదిలి వెళ్లిపోయారు. నైరుతి అమెరికా అంతటా ఆ కాలంలో కరువులు, వలసలు కనిపిస్తాయి. మీసా వెర్డె రాతి గూళ్ల ఇళ్లు ఖాళీ అయింది కూడా ఆ రోజుల్లోనే. పోనిల్ లోయ రైతులు ఒక్కసారిగా మాయమైపోయారని గైడ్ పుస్తకాల్లో రాయడం రివాజు. ఊళ్లు మారడం వేరు, మాయం కావడం వేరు. టావోస్, పికూరిస్ ప్యూబ్లోల్లో ఇవాళా జనం ఉన్నారు.

వాళ్లు వదిలి వెళ్లినవాటిలో కంటికి వెంటనే ఆనేవి రాతి మీది బొమ్మలు. ఎండకు, గాలికి నల్లబడిన ఇసుకరాతి పైపొరను మరో గట్టి రాయితో చిన్న చిన్న దెబ్బలుగా కొడితే లోపలి లేత రంగు బయటపడుతుంది. అలా చుక్క పక్కన చుక్క పేర్చి గీసిన మనుషులు, జంతువులు, మనకు అంతుపట్టని గీతలు నార్త్ పోనిల్ లోయ గోడల మీద ఉన్నాయి. అందుకే దశాబ్దాలుగా అక్కడి శిబిరానికి ఇండియన్ రైటింగ్స్ అన్న పేరు స్థిరపడింది. నిజానికి అవి రాతలు కావు. దగ్గరికి వెళ్లి ఏటవాలు వెలుతురులో చూస్తే ఒక్కో దెబ్బ తగిలిన గుంట విడిగా కనిపిస్తుంది. చేత్తో తాకవద్దని పిల్లలకు ముందే చెబుతారు, చర్మపు నూనె రాతిని పాడు చేస్తుంది కనుక.

ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో ఫిల్‌మాంట్‌లో పురావస్తు శాస్త్రజ్ఞుల పర్యవేక్షణలో స్కౌట్లే తవ్వకాల్లో పాల్గొన్నారు. ఆ తర్వాత మైకేల్ గ్లాసో సిమరాన్ ప్రాంతపు నివాసాలను కాలక్రమంలో పేర్చి, వ్యవసాయం పెరిగిన కొద్దీ జనం కొండ వాలుల నుంచి లోయ నోళ్లకు ఎలా దిగారో వివరించాడు. ఈ ప్రాంతపు ప్రాచీన చరిత్రకు ఇప్పటికీ ఆధారం అలాంటి పనులే. అమెరికా చట్టంలో ఒక విశేషం ఉంది. ప్రైవేటు భూమిలో దొరికిన పురావస్తువు సాధారణంగా భూ యజమానికే చెందుతుంది. 1906 నాటి పురావస్తు చట్టం వర్తించేది ఫెడరల్ భూములకే. మన దేశంలో అలా కాదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైన వస్తువు నేలలో దొరికితే కలెక్టరుకు చెప్పి తీరాలి. కాబట్టి పోనిల్ లోయలో బాణపు ములికి కనిపించిన పిల్లవాడు దాన్ని జేబులో వేసుకోకుండా ఉన్నచోటే వదిలేస్తున్నాడంటే, దాని వెనక పోలీసు భయం కన్నా శిబిరం నేర్పిన క్రమశిక్షణ ఎక్కువ పని చేస్తోంది.

గ్రాంటు భూమి, దాని గొడవలు

రైతులు పోయాక కొన్ని శతాబ్దాలకు హికరియా అపాచీలు, వాళ్లతోపాటు మోవాచె యూట్‌లు ఈ కొండలను తమవి చేసుకున్నారు. 1821లో మెక్సికో స్పెయిన్ నుంచి స్వతంత్రమైంది. అదే ఏడాది విలియం బెక్‌నెల్ మిస్సోరీ నుంచి సరుకు తోలుకొచ్చి సాంటా ఫే బాటను తెరిచాడు. ఆ బాటలో కొండల మీదుగా వచ్చే పాయ రేటన్ కనుమ దాటి, సిమరాన్, రయాడోల గుండా దక్షిణానికి పోయేది. రయాడో ఇప్పుడు ఫిల్‌మాంట్ హద్దుల్లోనే ఉంది.

1841లో, అప్పట్లో మెక్సికో ఏలుబడిలో ఉన్న న్యూమెక్సికోకు గవర్నరైన మాన్యుయెల్ అర్మీహో ఈ ప్రాంతాన్ని కార్లోస్ బోబియన్, గ్వాడలూపె మిరాండా అనే ఇద్దరికి గ్రాంటుగా రాసిచ్చాడు. బోబియన్ టావోస్‌లో స్థిరపడిన కెనడా ఫ్రెంచివాడు, మిరాండా గవర్నరు కొలువులో కార్యదర్శి. అక్కడ అప్పటికే బతుకుతున్న అపాచీలను అడిగినవారు లేరు. బోబియన్ కూతురు లూజ్‌ను పెళ్లాడిన ఇల్లినాయ్ వేటగాడు లూసియన్ మాక్స్‌వెల్ 1840ల చివర్లో రయాడోలో ఊరు కట్టాడు. 1849లో అతని స్నేహితుడు కిట్ కార్సన్ అక్కడికి వచ్చి చేరాడు. మాక్స్‌వెల్ ఒక్కొక్కరి వాటా కొనుక్కుంటూ పోయి చివరికి గ్రాంటు మొత్తానికి యజమాని అయ్యాడు. 1870లో దాన్ని విదేశీ పెట్టుబడి ఉన్న కంపెనీకి అమ్మేశాడు.

గొడవంతా కొలత దగ్గర వచ్చింది. మెక్సికో చట్టంలో ఒక మనిషికి ఇచ్చే గ్రాంటుకు పదకొండు చదరపు లీగుల పరిమితి ఉంది. ఇద్దరికీ కలిపి లెక్కేసినా లక్ష ఎకరాలకు లోపే రావాలి. కంపెనీ చేయించిన సర్వేలో అది పదిహేడు లక్షల ఎకరాలు దాటింది. ఏళ్ల తరబడి అక్కడ సాగు చేసుకుంటున్నవాళ్లు, బాల్డీ కొండ మీద బంగారం తవ్వుకుంటున్నవాళ్లు ఒక్కసారిగా అక్రమ ఆక్రమణదారులైపోయారు. 1875 సెప్టెంబరులో రైతుల పక్షాన మాట్లాడుతున్న మెథడిస్టు బోధకుడు ఫ్రాంక్లిన్ టోల్‌బీ సిమరాన్ కనుమలో హతుడయ్యాడు. కోల్‌ఫాక్స్ కౌంటీ యుద్ధం అని పిలిచే ప్రతీకార హత్యల వరస దానితో మొదలైంది. 1887లో అమెరికా సుప్రీంకోర్టు కంపెనీ చెప్పిన హద్దునే ఖాయం చేసింది. జమీందారీ సరిహద్దు తగాదాలు చదివినవారికి ఈ కథలో కొత్త ఏమీ కనిపించదు. సర్వే గొలుసు ఎవరి చేతిలో ఉంటే ఎకరాలు వాళ్లవే.

హికరియా అపాచీలు, యూట్‌లకు రేషన్లు పంచే ప్రభుత్వ ఏజెన్సీ సిమరాన్‌లో ఉండేది. 1876లో దాన్ని మూసేశారు. 1887లో, సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన ఏడాదే, హికరియాలకు ఇక్కడికి చాలా దూరంలో, న్యూమెక్సికో వాయవ్యాన రిజర్వేషన్ ఖరారైంది. ఇప్పుడు దాని ప్రధాన పట్టణం డల్సీ. ఫిల్‌మాంట్ పటంలో అపాచీ స్ప్రింగ్స్, యూట్ గల్చ్ అనే శిబిరాల పేర్లు మిగిలాయి.

బాల్డీ మీద 1866లో బంగారం బయటపడింది. రెండేళ్లకు అజ్టెక్ గని తెరిచారు. కొండ పక్కన బాల్డీ టౌన్ అనే గని ఊరు వెలిసి, కొన్ని దశాబ్దాలకు అంతరించింది. 1880లో రైలు సాంటా ఫే దాకా వచ్చాక బండ్ల బాటకు పని లేకుండా పోయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పోనిల్ లోయలోకి కలప కోసం రైలు పట్టాలు వేశారు. అడవి నరికి, 1930 నాటికి పట్టాలూ పీక్కుపోయారు.

వెయిట్ ఫిలిప్స్ ఇచ్చినది

వెయిట్ ఫిలిప్స్ 1883లో అయోవా రాష్ట్రంలోని కాన్వే దగ్గర రైతు కుటుంబంలో పుట్టాడు. అతనికొక కవల సోదరుడు ఉండేవాడు. వెయిట్‌లోని అక్షరాలనే అటూఇటూ చేసి అతనికి పేరు పెట్టారు. కౌమారంలోనే ఇద్దరూ ఇల్లు వదిలి రాకీ కొండల రాష్ట్రాల్లో గనుల్లో, అడవుల్లో, రైలు మార్గాల మీద కూలి పనులు చేస్తూ తిరిగారు. 1902లో అపెండిక్స్ వ్యాధితో ఆ సోదరుడు చనిపోయాడు. వెయిట్ ఇంటికి తిరిగొచ్చి, తర్వాత ఓక్లహోమా చమురు వ్యాపారంలోకి దిగాడు. అన్నలు ఫ్రాంక్, ఎల్.ఈ. ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీ పెట్టారు. వెయిట్ విడిగా తన కంపెనీ నడిపి 1925లో దాన్ని రెండున్నర కోట్ల డాలర్లకు అమ్మేశాడు.

ఆ డబ్బు రాకముందు నుంచే, 1922 మొదలుకొని, అతను సిమరాన్ దగ్గర పాత గ్రాంటు భూములు కొంటూ వచ్చాడు. చివరికి అతని రాంచ్ మూడు లక్షల ఎకరాల దాకా పెరిగింది. 1926-27లో వాస్తుశిల్పి ఎడ్వర్డ్ బ్యూలర్ డెల్క్ చేత మధ్యధరా శైలిలో వేసవి భవనం కట్టించుకున్నాడు. దాని పేరు విల్లా ఫిల్‌మాంటె. తన ఇంటిపేరులోని మొదటి అక్షరాలకు, స్పానిష్‌లో కొండ అనే మాటకు జత కట్టిన పేరు అది.

1938లో అతను స్కౌట్ సంస్థకు 35,857 ఎకరాలు ఇచ్చాడు. ఆ శిబిరానికి మొదట ఫిల్‌టర్న్ అని పేరు. అక్కడికొచ్చిన పిల్లలు ఆ నేలను ఎలా వాడుకుంటున్నారో మూడేళ్లు గమనించి, 1941లో విల్లాతో సహా మరో 91,538 ఎకరాలు రాసిచ్చాడు. దాతల్లో అరుదైన ముందుచూపు ఇక్కడ కనిపిస్తుంది. అంత భూమిని నడపాలంటే ఏటా డబ్బు కావాలి, లేకపోతే తీసుకున్నవాళ్లకు అది గుదిబండ అవుతుంది. అందుకని టల్సా నగరంలోని తన ఫిల్‌టవర్ అనే బహుళ అంతస్తుల భవనాన్ని కూడా ఇచ్చాడు, దాని అద్దెలతో రాంచ్ ఖర్చు గడవాలని. సత్రం కట్టించి, దాని దీపధూపాలకు మాన్యం రాసిచ్చే మన పాత పద్ధతి ఆ టల్సా వ్యాపారికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. 1963లో నార్టన్ క్లాప్ అనే మరో దాత బాల్డీ పరిసరాల్లో పదివేల ఎకరాలకు పైగా చేర్చడంతో గని ఊరి శిథిలాలు కూడా స్కౌట్ల అధీనంలోకి వచ్చాయి. ఫిలిప్స్ 1964లో మరణించాడు.

నడక ఎలా సాగుతుంది

పద్నాలుగేళ్లు నిండినవారికి, లేదా పదమూడేళ్లు ఉండి ఎనిమిదో తరగతి పూర్తి చేసినవారికి ఇక్కడ ప్రవేశం ఉంది. ఏడు నుంచి పన్నెండు మందిని ఒక జట్టుగా కడతారు. పెద్దలు ఉంటారు గాని, జట్టుకు నాయకత్వం పిల్లల్లో ఒకరిదే. ఏ దారిన పోవాలి, ఎప్పుడు ఆగాలి అన్నది ఆ నాయకుడు చెబితే పెద్దలు వెనక నడవాలి. ఉద్యోగాల్లో పదిమందిని నడిపించే తండ్రులకు ఇదే అన్నిటికన్నా కష్టమైన భాగం అంటారు. మొదటి రెండు మూడు రోజులు రేంజర్ అనే యువ ఉద్యోగి వెంట ఉండి పద్ధతులన్నీ నేర్పి వెళ్లిపోతాడు. పూర్తి నడక పన్నెండు రోజులు. దారిని బట్టి సుమారు 80 నుంచి 160 కిలోమీటర్లు.

పద్ధతుల్లో ముఖ్యమైనది ఎలుగుబంటి గురించి. విడిది చేరగానే జట్టు మూడు చోట్లు చూసుకుంటుంది: నెగడు, సంచులు వేలాడదీసే ఇనుప తీగ, అంట్ల నీళ్లు పోసే గొట్టం. ఈ మూడింటి మధ్యనున్న త్రికోణంలో వాసన తిరుగుతుంది కాబట్టి డేరాలు దానికి బయటే వేయాలి. తిండి సరుకే కాదు, పళ్లపొడి, సబ్బు, దోమల మందు, చూయింగ్ గమ్ పొట్లం వంటి వాసనొచ్చే ప్రతి వస్తువూ చీకటి పడేలోపు సంచుల్లో కట్టి, తాడు తీగ మీదుగా విసిరి, ఇద్దరు ముగ్గురు కలిసి లాగి, రెండు చెట్ల మధ్య గాల్లో వేలాడదీయాలి. అంట్లు కడిగిన నీళ్లను జల్లెడ గుండా గొట్టంలో పోస్తారు. జల్లెడలో మిగిలిన మెతుకుల్ని అక్కడ పారేయరాదు, మూటగట్టి చెత్తతో పాటు మోసుకుపోవాలి. అందుకే రెండో రోజు నుంచే పిల్లలు గిన్నె మిగల్చకుండా తినడం నేర్చుకుంటారు. ఇంట్లో అమ్మ ఎన్నేళ్లు చెప్పినా రాని విద్య ఇది.

తిండి చాలావరకు నీళ్లు పోసి వండుకునే ఎండు పొట్లాలు. మూడు నాలుగు రోజులకోసారి కొండల్లోని సరుకు కొట్ల దగ్గర తీసుకుంటారు. మాంసం ముట్టనివారు, ఇతర నియమాలున్నవారు తమ సరుకు తామే తెచ్చుకొని ఆ పొట్లాల స్థానంలో వాడుకోవచ్చు. టెక్సస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ పిల్లల్ని స్కౌట్ దళాల్లో చేర్పించే భారతీయ కుటుంబాలకు ఇది అక్కరకొచ్చే ఏర్పాటు. నడకలో ప్రతి జట్టూ బాట మరమ్మతు, కోత నివారణ లాంటి పనికి మూడు గంటలు ఇవ్వాలి. అది చేస్తేనే నడక పూర్తయినందుకు ఇచ్చే బాణపు ములికి గుర్తు వస్తుంది.

చరిత్రను బతికి చూపడం

ముప్పైకి పైగా శిబిరాల్లో వేసవి సిబ్బంది నివసిస్తారు. వీళ్లలో ఎక్కువమంది కాలేజీ విద్యార్థులు. చాలా శిబిరాలకు ఒక్కో కాలం కేటాయించారు. అక్కడి సిబ్బంది ఆ కాలపు దుస్తులు వేసుకొని, ఆ కాలపు మనుషుల్లా మాట్లాడుతూ, ఆ కాలపు పని నేర్పుతారు. సైఫర్స్ మైన్ దగ్గర లాంతరు పట్టుకొని పాత గనిలోకి తీసుకెళతారు, కొలిమిలో ఇనుము కొట్టిస్తారు. ఫ్రెంచ్ హెన్రీలో వాగు ఇసుకను పళ్లెంలో కడిగి బంగారపు రవ్వలు వెతికిస్తారు. క్లియర్ క్రీక్‌లో బొచ్చు వేటగాళ్లు, పూబ్లానోలో కలప కంపెనీ కూలీలు. ఆ కూలీలు పిల్లల కాళ్లకు ఇనుప ముళ్ల పట్టీలు కట్టి, నున్నటి స్తంభం ఎక్కిస్తారు. మెట్‌కాఫ్ స్టేషన్‌లో పాత కలప రైలు మార్గం జాగాలో మళ్లీ పట్టాలు పరిచే పని చేయిస్తారు. అబ్రూ శిబిరంలో మట్టి, గడ్డి, నీళ్లు కలిపి తొక్కి, చెక్క అచ్చులో పోసి పచ్చి ఇటుకలు చేయిస్తారు. ఇటుక ఎండేదాకా ఆ జట్టు ఆగదు, దాన్ని తర్వాత వచ్చేవాళ్లు గోడకు వాడుకుంటారు.

పాఠంగా ఇది బాగా పని చేస్తుంది. 1870ల గని కార్మికుడికి రోజంతా ఎంత నడుము నొప్పి పుట్టేదో పుస్తకంలో చదవడం కన్నా సమ్మెట ఎత్తితే త్వరగా తెలుస్తుంది. అయితే ఈ నేల మీద బతికిన అందరికీ సమానంగా నటులు లేరు. గని కార్మికుడి వేషం, కలప కూలీ వేషం వేసుకోవచ్చు, ఎవరూ నొచ్చుకోరు. అపాచీ వేషం వేయడం, ప్యూబ్లో రైతులా నటించడం ఇవాళ ఎవరికీ సమ్మతం కాదు, కాకపోవడమే సబబు. అమెరికా స్కౌటింగ్‌లో దశాబ్దాలు సాగిన ఈకల కిరీటాల తంతుల మీద మూలవాసుల అభ్యంతరాలు చాలాకాలంగా ఉన్నాయి. ఫలితంగా తొమ్మిది వందల ఏళ్లు లోయలో సాగు చేసినవారి భాగానికి రాతి బొమ్మలు, తిరిగి కట్టిన గుంత ఇల్లు, అట్లాట్ల్ అనే కర్రతో బల్లెం విసిరే సాధన దక్కాయి. కొన్ని దశాబ్దాలు ఉండి వెళ్లిన గని ఊళ్లకు మాటలు, పాటలు, సాయంత్రపు ప్రదర్శనలు దక్కాయి. ఈ తేడా ఎవరి దురుద్దేశమూ కాదు గాని, పన్నెండు రోజులు నడిచిన పిల్లవాడి మనసులో చరిత్ర మాక్స్‌వెల్‌తో మొదలవుతుంది.

కిట్ కార్సన్ విషయం మరో రకం చిక్కు. రయాడోలోని మట్టి గోడల మ్యూజియం చాలాకాలం అతని పేరుతోనే నడిచింది. దారి చూపే నేర్పరిగా అతని ఖ్యాతి నిజమే. 1863-64లో నవహో జనం పంటలు, తోటలు తగలబెట్టి వాళ్లను లొంగదీసిన సైనిక దండయాత్ర నడిపిందీ అతనే. దాని తర్వాతే వేలాది నవహోలను వందల మైళ్లు నడిపించి బోస్క్ రెడోండో అనే నిర్బంధ శిబిరానికి తోలారు. న్యూమెక్సికోలో ఆ పేరు విన్న రెండు ఇళ్లలో రెండు రకాల ముఖాలు కనిపిస్తాయి.

ట్రెయిల్ పీక్ దగ్గర వేషాలేమీ లేని చరిత్ర ఉంది. 1942 ఏప్రిల్‌లో ఒక బి-24 బాంబర్ విమానం ఆ కొండను గుద్దుకుంది, సిబ్బంది అంతా చనిపోయారు. రెక్కల ముక్కలు, ఇనుప భాగాలు ఇప్పటికీ చెట్ల మధ్య పడి ఉన్నాయి. జట్లు ఆగి చూసి వెళతాయి.

నిప్పు, నీరు, అప్పు

2002 జూన్‌లో పిడుగుల వల్ల రేగిన పోనిల్ కార్చిచ్చు మొత్తం 92 వేల ఎకరాలను తినేసింది. అందులో రాంచ్ ఉత్తర భాగం కూడా ఉంది. 2015 జూన్ 27 తెల్లవారుజామున నార్త్ పోనిల్ వాగు ఒక్కసారిగా పొంగి, ఇండియన్ రైటింగ్స్ దగ్గర డేరాల్లో నిద్రపోతున్న జట్టు మీదికి వచ్చింది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన పదమూడేళ్ల బాలుడు కొట్టుకుపోయి చనిపోయాడు. పురాతన రైతులను ఈ లోయకు రప్పించిన నీరే ఇక్కడి ప్రమాదం కూడా. 2018 మే 31న యూట్ పార్క్ దగ్గర మొదలైన మంట 36,740 ఎకరాలు కాల్చింది. అందులో ఎక్కువ భాగం ఫిల్‌మాంట్‌దే. ఆ వేసవి నడకలన్నీ రద్దయ్యాయి. 2020లో కోవిడ్ మరోసారి మూయించింది.

డబ్బు వైపు నుంచి వచ్చిన ముప్పు వీటన్నిటి కన్నా పెద్దది. లైంగిక వేధింపుల బాధితుల దావాలు పెరిగి స్కౌట్ సంస్థ 2020 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరింది. ఎనభై వేలకు పైగా బాధితులు ముందుకొచ్చారు. అంతకు కొద్ది నెలల ముందే, ఫిల్‌మాంట్‌ను బ్యాంకు రుణానికి తనఖా పెట్టిన సంగతి బయటపడింది. దాత ఉద్దేశానికి ఇది విరుద్ధమని రాంచ్ అభిమానులు మండిపడ్డారు. భూమిని కాపాడాలన్న వాళ్ల ఆవేదన అర్థమయ్యేదే. కాని ఆ సంస్థ నీడలో దెబ్బతిన్న పిల్లలకు పరిహారం ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్న కూడా అంతే న్యాయమైనది. 2023 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన పరిష్కారం కింద బాధితుల నిధికి 246 కోట్ల డాలర్లు నిర్ణయించారు. ఫిల్‌మాంట్ స్కౌట్ల చేతిలోనే మిగిలింది.

ఇలాంటి మరికొన్ని చోట్లు

పురాతన స్థలాన్ని యువతకు బడిగా మార్చిన ప్రయత్నాలు అమెరికాలో ఇంకా ఉన్నాయి. ఇల్లినాయ్‌లోని కోస్టర్ పొలంలో 1969 నుంచి దాదాపు పదేళ్లు స్టూవర్ట్ స్ట్రూవర్ ఆధ్వర్యాన సాగిన తవ్వకాల్లో హైస్కూలు, కాలేజీ విద్యార్థులు వేల ఏళ్ల నాటి నివాసపు పొరలను వెలికితీశారు. ఆ అనుభవంతోనే కొలరాడోలోని కార్టెజ్ దగ్గర 1983లో క్రో కాన్యన్ పురావస్తు కేంద్రం రూపు దిద్దుకుంది. అక్కడ విద్యార్థులు విడిది చేసి, శాస్త్రజ్ఞుల పక్కన కూర్చొని తవ్వుతారు, పెంకులు కడిగి వేరు చేస్తారు. మూలవాసి పండితులు కూడా బోధనలో, సలహా సంఘంలో ఉన్నారు. ఫిల్‌మాంట్‌లో లేని బలం అదే. ఫిల్‌మాంట్‌కున్న బలం వేరు: మెడ వంచి ఒక గుంటలో చూడనవసరం లేకుండా, రోజుకొక లోయ చొప్పున నడుస్తూ పోతే కాలం దానంతటదే మారుతుంది.

చూడటానికి వెళ్లేవారికి

నడకకు నమోదు చేసుకోనివారు కొండల్లోకి వెళ్లలేరు గాని, బేస్ క్యాంపు, దాని పక్కనున్న భవనాలు సందర్శకులకు అందుబాటులో ఉన్నాయి. సిమరాన్ నుంచి దక్షిణంగా 21వ నంబరు రాష్ట్ర రహదారి మీద నాలుగు మైళ్లు వెళితే విల్లా ఫిల్‌మాంటె కనిపిస్తుంది. ఫిలిప్స్ కుటుంబపు సామాన్లతో దాన్ని మ్యూజియంగా ఉంచారు. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉండే జాతీయ స్కౌటింగ్ మ్యూజియం 2018లో ఇక్కడికి మారింది. ప్రకృతి రచయిత, అమెరికా స్కౌట్ ఉద్యమ స్థాపకుల్లో ఒకడైన ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ పుస్తకాలు, బొమ్మలు కూడా అక్కడే ఉన్నాయి. అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోతే రయాడో. సిమరాన్‌కు ఉత్తరంగా పోనిల్ లోయ నోట్లో, పందొమ్మిదో శతాబ్దం నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంటూ వచ్చిన ఛేజ్ రాంచ్‌ను 2013 నుంచి ఒక ట్రస్టుతో ఒప్పందం మీద ఫిల్‌మాంటే చూసుకుంటోంది. చివరి వారసురాలు వాడిన ఇంటిని గదులు మార్చకుండా అలాగే ఉంచి చూపిస్తున్నారు.